భీమిలి ఆదివారం రైడ్: ‘అందరూ రావచ్చు’ అని పిలిచాక వెనుకబడినవారి సంగతి ఎవరు చూడాలి?

కొత్తచక్రం
గత ఆదివారం విశాఖ నుండి భీమిలికి వెళ్ళిన సైకిలు రైడ్ గురించి వాట్సాప్‌లో వచ్చిన ప్రకటనలో "సరదా రైడ్, అందరూ రావచ్చు, వేగంతో పని లేదు" అని స్పష్టంగా రాశారు. ఆ మాట నమ్మి నేను తెల్లవారకముందే కురుసుర జలాంతర్గామి ఎదుటికి చేరుకున్నాను. తెన్నేటి పార్కు వరకు అందరితోనే ఉన్నాను. అక్కడి నుండి కైలాసగిరి కిందుగా రోడ్డు ఎత్తెక్కడం మొదలైనప్పుడు ముందున్నవారికీ నాకూ మధ్య ఎడం పెరిగింది. జోడుగుళ్ళపాలెం చేరేసరికి ఒక్క ఎర్ర లైటు కూడా కనుచూపు మేరలో లేదు. ఋషికొండ దగ్గర ఎవరైనా ఆగి ఉంటారని ఆశపడ్డాను, ఎవరూ లేరు. తొట్లకొండ మలుపు దగ్గర ఉండగా ఫోను వచ్చింది: "మేము టిఫిన్ కూడా చేసేశాం, తిరుగు ప్రయాణం మొదలుపెడుతున్నాం, మీరు ఎక్కడున్నారు?" నేను అక్కడి నుండే వెనక్కి తిరిగాను.

నాకు వేగం లేదన్న సంగతి నాకు తెలుసు, దాని గురించి బాధ లేదు. అయితే ఒంటరిగా తొక్కడానికైతే నాకు వాట్సాప్ బృందం ఎందుకు? గంటకు ఎంత వేగంతో వెళ్తారో ముందే చెప్పడం, మధ్యలో ఆగి లెక్క చూసుకోవడం నిర్వాహకుల బాధ్యత కాదా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

మెరుపుతీగ
నేను ఆ రోజు ముందు వరుసలో ఉన్నాను కాబట్టి సమాధానం చెప్పడం నా బాధ్యత. మేము గంటకు 25 కిలోమీటర్లకు మించి వెళ్ళలేదు, అది పెద్ద వేగమేమీ కాదు. పన్నెండు మంది వస్తే అందులో ఒకరి కోసం పదకొండు మంది ప్రతి మలుపులోనూ ఆగుతూ వెళ్తే ఎండెక్కిపోతుంది, ఇంటికి చేరేసరికి పది దాటుతుంది. ఆదివారం ఇంట్లో పనులుండేవి మాకూ ఉన్నాయి. ముందు ఋషికొండ వరకు సొంతంగా సాధన చేసి, ఆ తర్వాత భీమిలికి వస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నిదానమేప్రధానం
సాధన చేసి రావాలన్న షరతు ప్రకటనలో కనిపించలేదు. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

పాతహెర్క్యులస్
మెరుపుతీగ గారూ, 25 పెద్ద వేగం కాదని మీరు చాలా తేలికగా అనేశారు. మీరు బ్రెవేలు (గడువు లోపల పూర్తి చేయవలసిన దూరపు సైకిలు రైడ్లు) తొక్కినవారే కదా. 200 కిలోమీటర్ల బ్రెవేకు ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు. టిఫిన్లు, భోజనాలు, పంక్చర్లు, చెట్టు కింద కునుకుపాట్లు అన్నీ కలుపుకొని చూస్తే సగటున గంటకు 15 కూడా అవసరం లేదు. ప్రపంచమంతటా దూరపు సైకిలిస్టులకు కొలబద్దగా ఉన్న పరీక్షకే 15 సరిపోతుంటే, ఇడ్లీ తినడానికి భీమిలి వెళ్ళేవారికి 25 ఎందుకు?

కొత్తచక్రం గారూ, మీది ఏ రకం సైకిలో చెప్పండి. సగం జబ్బు అక్కడే ఉండవచ్చు.

మెరుపుతీగ
బ్రెవే ఉదాహరణ మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. బ్రెవేలో ఎవరైనా ఎవరికోసమైనా ఆగాలన్న నియమం ఉందా? అక్కడ ఎవరి పంక్చరు వారే వేసుకోవాలి, ఎవరి దారి వారే చూసుకోవాలి. గడువు ఉదారంగా ఉంటుంది, సాయం మాత్రం ఉండదు. అందులో ఒక సగాన్నే ఉదాహరించడం న్యాయం కాదు.

పాతహెర్క్యులస్
బ్రెవేకు వచ్చేవాడు ఆ సంగతి తెలిసి, రుసుము కట్టి, పేరు రాయించుకొని వస్తాడు. ఇక్కడ మనం వాట్సాప్‌లో సరదాకు రమ్మని పిలిచాం.

కొత్తచక్రం
నాది ముందు షాకులు (కుదుపు తగ్గించే స్ప్రింగులు) ఉన్న ఎంటీబీ, అంటే కొండదారుల సైకిలు, 26 అంగుళాల చక్రాలు, లావు టైర్లు. అన్ని రోడ్లకూ ఇదే అనువైనదని దుకాణంలో చెప్పారు. ముందు మూడు పళ్ళచక్రాలు, వెనుక ఏడు ఉన్నాయి.

చువ్వలడాక్టరు
దుకాణంలో అందరికీ చెప్పే మాటే అది, మనసులో పెట్టుకోకండి. సైకిలు మార్చనక్కర లేదు, కానీ ఉన్నదాన్ని రోడ్డుకు తగినట్టు సర్దుకోవాలి.

మొదటిది గాలి. లావు టైరుకు ఎంత గాలి పట్టవచ్చో టైరు పక్కగోడ మీద కనిష్ఠం, గరిష్ఠం రెండూ అచ్చువేసి ఉంటాయి. తారు రోడ్డు మీద వెళ్ళేటప్పుడు గరిష్ఠానికి దగ్గరగా పట్టించండి. వేలితో నొక్కి చూసి "బాగానే ఉంది" అనుకోవడం మనలో చాలామందికి అలవాటు, కానీ ఆ లావు టైరు సగం గాలితో కూడా వేలికి గట్టిగానే తగులుతుంది. మీటరు ఉన్న నిలువు పంపు ఒకటి కొనుక్కుంటే మీరు ఈ సంవత్సరం సైకిలు మీద పెట్టే ఖర్చులో అదే అన్నిటికన్నా ఉపయోగపడుతుంది. మట్టి గట్ల మీద తొక్కే రోజుల్లో మాత్రం గాలి తగ్గించుకోవాలి.

రెండోది ముందు షాకులు. ముందు చక్రాన్ని పట్టుకొని ఉండే ఫోర్కు పైన కుడివైపు తిప్పే మీట ఉంటే రోడ్డు మీద దాన్ని బిగించేయండి. ఎత్తెక్కేటప్పుడు మీరు తొక్కే బలంలో కొంత ఆ స్ప్రింగును కిందికీ పైకీ ఊపడానికే ఖర్చయిపోతోంది.

మూడోది సీటు. కొత్తగా కొన్నవారిలో నేను చూసిన చాలామంది, కాలు నేలకు పూర్తిగా ఆనాలని సీటును కిందికి దించేస్తారు. సీటు మీద కూర్చొని మడమను పెడల్ మీద పెట్టినప్పుడు, పెడల్ అట్టడుగున ఉన్న స్థితిలో కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఆగినప్పుడు సీటు మీద నుండి ముందుకు దిగి నిలబడాలి, అది రెండు రోజుల్లో అలవాటైపోతుంది. సీటు తక్కువైతే తొడలు త్వరగా అలిసిపోతాయి, కొంత కాలానికి మోకాళ్ళు కూడా గొడవ చేస్తాయి.

ఇంత చెప్పాను కదా అని తప్పంతా సైకిలుదేనని అనను. ఈ మూడూ సర్దుకున్నా ఆ వరుస వెంట మీరు తెన్నేటి పార్కు దాటి ఇంకో కిలోమీటరు వెళ్ళి ఉండేవారేమో, అంతే.

లెక్కలమాస్టారు
వెనుకబడేవారు బలహీనులు కాబట్టే వెనుకబడతారని మెరుపుతీగ గారు అనుకుంటున్నట్టుంది. వరుసలో చివర ఉన్నవాడు ముందున్నవాడి కన్నా కష్టమైన రైడ్ తొక్కుతాడు. ఇది ముందున్నవారికి ఎప్పటికీ కనిపించదు, ఎందుకంటే వారు వెనక్కి చూడరు. ఎలాగో చెబుతాను.

బీచి రోడ్డు మీద స్పీడు బ్రేకర్లు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. పన్నెండు మంది మూడేసి మీటర్ల ఎడంతో వెళ్తున్నారనుకోండి, వరుస పొడవు 33 మీటర్లు. ముందున్నవాడు బ్రేకరు దగ్గర 10 కి.మీ. వేగానికి తగ్గి, అది దాటగానే మళ్ళీ 25కు వెళ్ళిపోతాడు. వెనుకవాళ్ళందరూ ఒక్కొక్కరుగా అదే 10 కి.మీ. వేగంతో ఆ బ్రేకరు దాటాలి కాబట్టి, మొదటివాడు దాటిన సుమారు 12 సెకన్లకు గానీ చివరివాడి వంతు రాదు. ఆ 12 సెకన్లలో మొదటివాడు 80 మీటర్లకు పైగా ముందుకు పోయి ఉంటాడు. అంటే 33 మీటర్ల వరుస 80 మీటర్లకు సాగింది. ఆ ఎడాన్ని పూడ్చాలంటే చివరివాడు 30 కి.మీ. వేగంతో కొంత దూరం తొక్కక తప్పదు. అతను ఊపిరి పీల్చుకొనేలోగా మరో బ్రేకరు వస్తుంది. ముందువాడి మీటరులో రైడ్ అంతా "హాయిగా 25" అనే చూపిస్తుంది.

దీనికి గాలి తోడవుతుంది. గుంపులో ఒకరి వెనుక ఒకరు దగ్గరగా వెళ్ళేటప్పుడు ముందువాడు గాలిని చీల్చుకుపోతాడు కాబట్టి వెనుకవాడికి దాదాపు పావు వంతు శ్రమ తగ్గుతుంది. ఎడం ఒక్కసారి పది మీటర్లు దాటిందంటే ఆ చాటు పోయినట్టే, ఇక అతను గాలిని ఒంటరిగా ఎదుర్కోవాలి. గాలి నిరోధాన్ని గెలవడానికి పెట్టే బలం వేగంతో పాటు ఏ లెక్కన పెరుగుతుందంటే, 20 నుండి 25కు వెళ్ళడానికి గాలి మీద ఖర్చయ్యే శక్తి దాదాపు రెట్టింపు కావాలి. అలసినవాడు చాటు కోల్పోయి, రెట్టింపు శక్తితో ఎడం పూడ్చాలని ఆశించడం అసాధ్యాన్ని ఆశించడమే.

కాబట్టి చేయవలసినవి రెండే. ముందున్నవాడు బ్రేకరు దాటాక, చివరివాడు కూడా దాటేంత వరకు 15 దగ్గరే ఉండాలి. అందరికన్నా నిదానంగా తొక్కేవారిని చివర కాకుండా ముందు నుండి రెండో స్థానంలో ఉంచాలి.

మెరుపుతీగ
మాస్టారి లెక్క తప్పని అనను. అయితే రెండో సూచన కాగితం మీద బాగుంటుంది, రోడ్డు మీద ప్రమాదం. కొత్తగా వచ్చినవారు సరళరేఖలో తొక్కలేరు, మంచినీళ్ళ సీసా తీసుకోవడానికి వంగితే సైకిలు రెండు అడుగులు పక్కకు పోతుంది, చెప్పకుండా బ్రేకు వేస్తారు. అలాంటి మనిషిని రెండో స్థానంలో పెడితే వెనుక ఉన్న పదిమందీ పడతారు. చివర ఉంటే పడేది ఒక్కరే. వినడానికి కఠినంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

లెక్కలమాస్టారు
మీ అభ్యంతరంలో బలం ఉంది. అందుకే రెండో స్థానంలో ఉన్నవారి వెనుక వచ్చేవారు మూడు మీటర్లు కాకుండా ఐదారు మీటర్లు విడిచి రావాలి, చక్రం వెనుక చక్రం కాకుండా ఒక మూర పక్కగా ఉండాలి. చాటు కొంత తగ్గుతుంది, బలమైనవారికి అది పెద్ద నష్టం కాదు. చెయ్యి ఎత్తి ఆగుతున్నామని చూపడం, గుంత కనిపిస్తే వేలితో చూపించి గట్టిగా చెప్పడం వంటివి మొదటి పది నిమిషాల్లో నేర్పించవచ్చు. మన బృందంలో ఎవరూ ఎవరికీ ఇవి నేర్పించడం నేను చూడలేదు. అందరూ సెల్ఫీ తీసుకొని బయలుదేరతారు.

భీమిలిబుల్లోడు
సెల్ఫీలో మాత్రం కొత్తచక్రం గారు మొదటి వరుసలోనే ఉన్నారు. ఆ వరుసనే చివరిదాకా కొనసాగించి ఉంటే మాస్టారి సిద్ధాంతం అమలైపోయేది.

సాగరనగర్_సుధ
ఇంతవరకు చర్చ అంతా వేగం చుట్టూ తిరిగింది. వెనుక మిగిలిపోయిన వ్యక్తి స్త్రీ అయితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించమని అడుగుతున్నాను. శీతకాలంలో ఐదింటికి బయలుదేరితే ఆరు దాటేవరకు చీకటే. ఋషికొండ దాటాక ఒకవైపు సముద్రం, ఇంకోవైపు కొండ, మధ్యలో దీపాలు లేని ముక్కలు కొన్ని ఉన్నాయి. రాత్రంతా పార్టీ చేసుకొని తిరిగి వచ్చే కార్లు కూడా ఆ వేళకే నగరం వైపు వస్తుంటాయి. ఒకసారి నన్ను బృందం ఇలాగే వదిలి వెళ్ళినప్పుడు ఒక బైకు నా పక్కనే నా వేగానికే తగ్గి చాలా దూరం వచ్చింది. వారు ఏమీ అనలేదు, ఏమీ చేయలేదు, అయినా నేను ఆ రోజు తర్వాత ఆ బృందంతో వెళ్ళలేదు. "వేగం పెంచుకొని రండి" అనే సలహా ఆ పరిస్థితిలో ఎంత పనికిరానిదో మెరుపుతీగ గారు గమనించాలి.

ఇంకో సంగతి ఎవరూ ప్రస్తావించరు. మగవారికి దారిలో ఎక్కడ ఆగినా ఇబ్బంది లేదు. మాకు తెల్లవారుజామున తెరిచి ఉండే మరుగుదొడ్డి ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి, లేకపోతే నీళ్ళు తాగకుండా తొక్కుతాం. వైశాఖంలో విశాఖ ఉక్కలో నీళ్ళు తాగకుండా యాభై కిలోమీటర్లు తొక్కడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర లేదు. ఆగే చోటును ఎంచుకునేటప్పుడు టిఫిన్ రుచితో పాటు ఈ సంగతి కూడా చూడండి.

ఇప్పుడు మేము కొంతమంది ఆడవాళ్ళం కలిసి సాగర్‌నగర్ నుండి ఋషికొండ మీదుగా మంగమారిపేట వరకు మాత్రమే వెళ్ళి వస్తున్నాం. మాలో గేర్లు లేని బుట్ట సైకిలు మీద వచ్చే పిన్నిగారు ఒకరున్నారు. ఆవిడ ఎత్తు దగ్గర దిగి నడిపించుకుంటూ వస్తారు, మేము పైన నిలబడి కబుర్లు చెప్పుకుంటాం. మా రైడ్‌లో అన్నిటికన్నా బాగుండేది ఆ నిలబడే సమయమే అనిపిస్తుంది నాకు.

నిదానమేప్రధానం
సుధ గారి బృందంలో మగవారికి ప్రవేశం ఉందా? నేను కూడా ఎత్తు దగ్గర దిగి నడిపించగలను, ఆ విద్యలో నాకు మంచి అనుభవం ఉంది.

సాగరనగర్_సుధ
లేదు. మీరు మీ బృందాన్ని బాగుచేసుకోండి.

గాలివాటం
కాలాన్ని బట్టి కూడా ఈ గొడవ మారుతుందని ఎవరూ అనలేదు. మన తీరం నైరుతి నుండి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. మార్చి నుండి సెప్టెంబరు దాకా ఎక్కువగా వీచేది నైరుతి గాలి కాబట్టి భీమిలి వెళ్ళేటప్పుడు అది వీపును తోస్తుంది. కొత్తవారికి "నేను ఇంత బాగా తొక్కగలనా" అన్న ధీమా అప్పుడే వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురై, ఎండ కూడా ఎక్కి, ఋషికొండ దగ్గర అందరి ముఖాలూ వాడిపోతాయి. నవంబరు నుండి జనవరి వరకు పరిస్థితి తారుమారవుతుంది, ఈశాన్య గాలికి ఎదురు వెళ్ళి, తిరుగు ప్రయాణంలో సుఖపడతాం.

అందువల్ల వేసవిలో కొత్తవారిని భీమిలి దాకా తీసుకువెళ్ళడమే నాకు తప్పుగా కనిపిస్తుంది. వెళ్ళేటప్పుడు వారు ఎంత వేగంగా ఉన్నారన్నది లెక్కలోకి రాదు, తిరిగి రావడానికి ఎంత శక్తి మిగిలి ఉందన్నదే లెక్క. తొమ్మిది దాటాక సముద్రం గాలి బలపడుతుంది కాబట్టి, టిఫిన్ దగ్గర పావుగంట కూర్చోవలసిన చోట గంట కూర్చుంటే ఆ గంటకు వడ్డీతో సహా చెల్లించాలి.

భీమిలిబుల్లోడు
మా ఊరి టిఫిన్ మీద పడకండి. మినపరొట్టె కాలడానికి కొంత సమయం పడుతుంది, నైరుతి గాలి కోసం దాన్ని పచ్చిగా దించలేరు.

రైడ్‌సారథి
నిర్వాహకుల వైపు నుండి కూడా వినాలి కాబట్టి ఇంత ఆలస్యంగానైనా రాస్తున్నాను. చివరివారి వెంట ఉండడానికి ఆ రోజు ఒకరిని ముందే నియమించాం. కురుసుర దాటిన కొద్దిసేపటికే మరొకరికి పంక్చరైంది. ఆ సైకిలుకు ఉన్నది సన్నటి ప్రెస్టా వాల్వు, వారిద్దరి దగ్గరున్న పంపు మోటారు సైకిలు వాల్వుకు సరిపోయేది. ఆ పంపు పట్టేలా ప్రెస్టా వాల్వు మూతికి పెట్టే చిన్న ఇత్తడి తొడుగు ఎవరి దగ్గరా లేదు. తొడుగు కోసం ఫోన్లు చేసుకుంటూ వారిద్దరూ అక్కడే ఉండిపోయారు. కొత్తచక్రం గారి వెనుక ఇద్దరు ఉన్నారని మేము ముందు అనుకుంటూనే ఉన్నాం, ఆయన వెనుక ఎవరూ లేరని తెలియదు.

ఈ పని ఎవరూ జీతానికి చేయడం లేదన్నది కూడా దయచేసి గుర్తుంచుకోండి. శనివారం రాత్రి "రేపు ఉందా" అని ఇరవై మంది అడుగుతారు, తెల్లవారుజామున పన్నెండు మంది వస్తారు, వారిలో లైట్లు లేనివారు, హెల్మెట్ మరచినవారు, "ఐదు నిమిషాల్లో వస్తున్నా" అని ఎంవీపీ కాలనీలో ఇంకా పళ్ళు తోముకుంటున్నవారు ఉంటారు. అందరినీ ఒక చోట చేర్చడమే సగం రైడ్. అయినా సుధ గారు రాసినది చదివాక, లెక్క చూసుకోకుండా బృందాన్ని కదిలించకూడదని నాకు గట్టిగా అనిపించింది.

చువ్వలడాక్టరు
ఆ ఇత్తడి తొడుగు ఖరీదు చాలా తక్కువ, బరువు లేనే లేదు. ప్రెస్టా వాల్వున్న ప్రతివారూ దాన్ని వాల్వుకే బిగించి ఉంచుకుంటే ఎవరి పంపైనా పనికివస్తుంది, పెట్రోలు బంకులో కూడా గాలి కొట్టించుకోవచ్చు. బంకు గాలి విషయంలో మాత్రం జాగ్రత్త, సన్న టైరులోకి అది ఒక్క ఉదుటున ఎక్కి ట్యూబు పేలుతుంది.

పాతహెర్క్యులస్
మా కాలంలో వాల్‌ట్యూబు అనే చిన్న రబ్బరు ముక్క ఉండేది. అది పోతే సైకిలు షాపులో పది పైసలిచ్చి జానెడు కొనుక్కుంటే ఏడాది గడిచేది. అన్ని సైకిళ్ళకూ ఒకటే వాల్వు, అన్ని పంపులూ అన్నిటికీ సరిపోయేవి. ఇప్పుడు సైకిలు ఖరీదు లక్ష, ఆగిపోయేది తొడుగు లేక.

డచ్చిగాలి
నాది భీమిలి, ఉద్యోగం నెదర్లాండ్స్‌లో. మనుషుల కన్నా సైకిళ్ళే ఎక్కువ ఉన్న దేశం కాబట్టి ఇక్కడి పద్ధతి చెబుతాను. ఇక్కడ రెండు రకాల సైక్లింగును ఎవరూ కలపరు. నిటారుగా కూర్చొని మామూలు బట్టలతో కబుర్లాడుకుంటూ వెళ్ళేవారు ఒక రకం. బిగుతు బట్టలతో వంగి వేగంగా వెళ్ళేవారు ఇంకో రకం. ఈ రెండో రకం వారి క్లబ్బుల్లో ఏ గుంపు ఎంత సగటు వేగంతో వెళ్తుందో ముందే రాస్తారు, వచ్చేవారు తమకు తగిన గుంపును ఎంచుకుంటారు. మొదటి రకం వారికి దారి పొడవునా కూడళ్ళకు అంకెలుంటాయి. ఆ రోజు వెళ్ళవలసిన అంకెలను ఒక చీటీ మీద రాసుకుంటే చాలు, వెనుకబడినవారు కూడా బోర్డులు చూసుకుంటూ దారి తప్పకుండా వచ్చి కలుస్తారు. బీచి రోడ్డు ఒక్కటే దారి కాబట్టి మీకు అంకెలు అక్కర లేదు, వేగం మాత్రం రాయండి.

ఇంకో మాట, ఇక్కడ కొండలు లేవు, ఎదురుగాలి ఉంది. గాలివాటం గారి బాధ నాకు ప్రతి ఉదయం ఆఫీసు దారిలో అర్థమవుతుంది.

భీమిలిబుల్లోడు
డచ్చివారు మా ఊరికి వచ్చి సమాధులు కట్టుకొని వెళ్ళారు, మా ఊరివాడు అక్కడికి వెళ్ళి సైకిలు తొక్కుతున్నాడు. లెక్క సరిపోయింది.

నానక్‌రామ్‌గూడ_నాని
హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో సౌర పలకల కప్పుతో సైకిలు ట్రాక్ ప్రారంభమయ్యాక ఈ తగాదా మాకు చాలావరకు తీరింది. నానక్‌రామ్‌గూడ నుండి పోలీసు అకాడమీ వరకు ఒక ముక్క, నార్సింగి నుండి కొల్లూరు వరకు ఇంకో ముక్క, ప్రారంభంలో మొత్తం 23 కిలోమీటర్లు. కార్లు రావు, పైన కప్పు ఉంది, ఎవరి వేగం వారిది. వెనుకబడినవారు ప్రమాదంలో పడరు కాబట్టి ముందువారు అపరాధభావం లేకుండా వెళ్ళిపోతారు, చివర టీ దగ్గర అందరం కలుస్తాం.

అయితే ఒక నష్టం కూడా జరిగిందని చెప్పాలి. ట్రాక్ రాకముందు గండిపేట, చిలుకూరు వైపు కలిసి వెళ్ళేటప్పుడు భయం వల్లనైనా ఒకరికోసం ఒకరు ఆగేవాళ్ళం. ఇప్పుడు అందరూ చెవుల్లో పాటలు పెట్టుకొని ఎవరికి వారే తొక్కుతున్నారు. బృందం పేరు అలాగే ఉంది, బృందం మాత్రం టీ బండి దగ్గరే కనిపిస్తుంది.

కొత్తచక్రం
ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. డాక్టరు గారు చెప్పినట్టు సీటు పెంచాను, ముందు షాకుల మీట బిగించాను, నిన్న సాయంత్రం తెన్నేటి పార్కు ఎత్తు మునుపటి కంటే తేలికగానే ఎక్కాను. మెరుపుతీగ గారు అన్న ఒక మాట కూడా కాదనలేను, దారిలో నా పంక్చరు నేను వేసుకోగలిగితే ఇంకొకరి మీద ఆధారపడే అవసరం తగ్గుతుంది. వెంట ఏమేమి ఉంచుకోవాలో చెప్పండి.

చువ్వలడాక్టరు
మీ టైరు కొలతకు సరిపోయే ట్యూబు ఒకటి, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లీవర్లు రెండు, చేతి పంపు, మరలు విప్పే షట్కోణపు ఆలెన్ తాళాల గుత్తి ఉంటే చాలు. రోడ్డు పక్కన కూర్చొని ప్యాచి వేయకండి, ట్యూబు మార్చేసి ఇంటికి వచ్చాక పాతదానికి ప్యాచి వేసుకోండి. కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపలి వైపు వేళ్ళతో నెమ్మదిగా చుట్టూ తడిమి చూడండి. గుచ్చుకున్నది ఇంకా అక్కడే ఉంటే కొత్త ట్యూబు కూడా వంద గజాల్లో పోతుంది. మన రోడ్డు మీద తుమ్మముళ్ళు, సీసా పెంకులే కాదు, పల్లెల దగ్గర గాలపు ముక్కలు కూడా దొరుకుతాయి, కాబట్టి వేగంగా తడిమి వేలు కోసుకోకండి. ఇంట్లో ఒకసారి వెనుక చక్రం విప్పి బిగించడం సాధన చేయండి. చైను వేళ్ళకు నల్లగా అంటుకుంటుంది, పాత గుడ్డ ఒకటి సంచిలో వేసుకోండి.

బీచి రోడ్డు తొక్కినప్పుడల్లా చైను తుడిచి నూనె వేయండి. ఉప్పుగాలికి రెండు వారాల్లో తుప్పు రంగు వస్తుంది.

గాలివాటం
పల్లెల మాట వచ్చింది కాబట్టి ఒక విన్నపం. మంగమారిపేట దగ్గర రోడ్డు అంచున చేపలు ఎండబోస్తారు, వలలు పరుస్తారు. ఒకసారి మన బృందంలో ఒకరు కారును తప్పించుకోవడానికి నేరుగా చేపల మీదుగా తొక్కుకుంటూ పోయారు. ఎండబెట్టిన ఆవిడ వెంటపడి తిట్టిన తిట్లకు ఆ రోజు మా సగటు వేగం బాగా పెరిగింది. అది వాళ్ళ ఇంటి ముంగిలి, మనం అటుగా పోయేవాళ్ళం మాత్రమే. అక్కడ ఒక వరుసలోకి మారి నెమ్మదిగా వెళ్ళండి. కుక్కలు వెంటపడితే పారిపోవద్దు, దిగి సైకిలును అడ్డం పెట్టుకొని నాలుగడుగులు నడిస్తే అవే విసుగు చెంది పోతాయి.

రైడ్‌సారథి
వచ్చే ఆదివారానికి ఇలా అనుకుంటున్నాం, అభ్యంతరాలుంటే శుక్రవారం లోపల చెప్పండి. గంటకు 25 దగ్గర తొక్కేవారు ఐదింటికి బయలుదేరి ఆగకుండా భీమిలి వెళ్తారు. 15 నుండి 18 మధ్య తొక్కేవారు తెల్లవారిన తర్వాతే కదులుతారు, తెన్నేటి పార్కు, ఋషికొండ, తొట్లకొండ మలుపు దగ్గర ఆగి తలలు లెక్కపెట్టుకుంటారు. ఎండ ఎక్కువైతే తొట్లకొండ నుండే వెనక్కి తిరిగే స్వేచ్ఛ ఆ గుంపుకు ఉంటుంది. చివరన ఇద్దరుంటారు, ఒకరు పంక్చరు దగ్గర ఆగిపోయినా ఇంకొకరు కదులుతారు. ఋషికొండలో ఆగే చోట మరుగుదొడ్డి తెరిచి ఉంటుందో లేదో నేను శనివారం స్వయంగా వెళ్ళి చూసి వస్తాను. రెండో గుంపు చేరేవరకు మొదటి గుంపు టిఫిన్ మొదలుపెట్టకూడదు.

మెరుపుతీగ
అన్నిటికీ అంగీకారమే, చివరి వాక్యానికి తప్ప. ఐదింటికి బయలుదేరిన మనిషి ఎనిమిదింటి దాకా ఆకలితో మినపరొట్టె వాసన చూస్తూ కూర్చోవడం ఏ నియమావళిలోనూ ఉండదు. మేము తింటాం, కానీ మీరు వచ్చేదాకా ఉంటాం, తిరుగు ప్రయాణంలో ఎదురుగాలికి ముందు మేమే తొక్కుతాం. మాస్టారు చెప్పిన చాటు అప్పుడు అందరికీ దొరుకుతుంది.

లెక్కలమాస్టారు
ఈ బేరం బాగుంది. బ్రేకర్ల తర్వాత 15 అన్నది కూడా అందులో కలపండి.

సాగరనగర్_సుధ
మరుగుదొడ్డి సంగతి శనివారం తేలాక ఇక్కడే రాయండి. తెరిచి ఉంటే మేము నలుగురం రెండో గుంపులో సాగర్‌నగర్ దగ్గర కలుస్తాం, పిన్నిగారు కూడా వస్తానంటున్నారు. ఎత్తు దగ్గర ఆవిడ దిగి నడుస్తారన్నది ముందే చెబుతున్నాను.

కొత్తచక్రం
నేను రెండో గుంపులో వస్తాను. నాది మోటారు సైకిలు వాల్వే, పంపు తెస్తున్నాను, ఇత్తడి తొడుగులు కూడా రెండు కొన్నాను. ప్రెస్టా వాల్వున్నవారు ఎవరికైనా కావాలంటే కురుసుర దగ్గర అడగండి.